తొలి సాయంత్రం ఏది ఎంచుకోవాలి: సంస్థల వివాదాల్లో డిజిటల్ సాక్ష్యాన్ని భద్రపరచే పద్ధతుల పోలిక

పలాసలో ఇద్దరు భాగస్వాములు నడిపే జీడిపప్పు పరిశ్రమ ఒకటి ఉందనుకుందాం. పౌనుకు 240 పప్పులు తూగే డబ్ల్యూ-240 గ్రేడు సరుకును, అంతకంటే చిన్నదై ధర తక్కువ పలికే డబ్ల్యూ-320గా బిల్లు చేసి, తేడా సొమ్మును లెక్కలు రాసే గుమాస్తా, ఒక కొనుగోలుదారు కలిసి పంచుకుంటున్నారని పెద్ద భాగస్వామికి అనుమానం వచ్చింది. ఆధారాలు నాలుగు చోట్ల ఉన్నాయి: ఆఫీసు కంప్యూటరులో టాలీ లెక్కలు, కాటా దగ్గర ఉన్న పాత కంప్యూటరులో తూకం వివరాలు, గోదాము గుమ్మం మీది సీసీ కెమెరా రికార్డు, గుమాస్తా సొంత ఫోనులో వాట్సాప్ సందేశాలు. అనుమానం వచ్చిన ఆ సాయంత్రం ఆయన ఏం చేస్తాడన్న దాని మీదే, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే వ్యవహారం చాలా వరకు ఆధారపడి ఉంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని జీడి, జనపనార, బియ్యం మిల్లుల లెక్కలు, అంతర్గత విచారణలు చూసే పనిలో ఉన్నవాడిగా, ఆ సాయంత్రం యజమాని ముందుండే మార్గాలను ఒకదానితో ఒకటి పోల్చి, ఏది ఎక్కడ పనికొస్తుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: వివాదం ఎక్కడికి చేరుతుందో మొదటి రోజున ఎవరికీ తెలియదు కాబట్టి, ముందుముందు ఏ దారినీ మూసేయని పద్ధతినే ఎంచుకోవాలి. అసలు పరికరాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, వెతుకులాట అంతా నకలు మీద చేయడమే ఆ పద్ధతి. ఖర్చు, సమయం, మనుషుల లభ్యతను బట్టి ఇందులో ఎంత వరకు వెళ్లవచ్చన్నదే మిగిలిన ప్రశ్న.

నకలు తీయడంలో నాలుగు మార్గాలు

మొదటిది స్క్రీన్‌షాట్లు, ప్రింటౌట్లు. ఇవి తేలిక, ఖర్చు లేనివి, ఎవరైనా చేయగలిగినవి. భాగస్వాముల మధ్య పెద్దమనుషుల సమక్షంలో మాట్లాడుకోవడానికీ, న్యాయవాదికి విషయం అర్థమయ్యేలా చెప్పడానికీ ఇవి చాలు. అయితే స్క్రీన్‌షాట్‌లో ఉన్నది అక్షరాల బొమ్మే తప్ప ఆ సందేశం ఏ ఫోనులో, ఏ ఖాతాలో, ఎప్పుడు పుట్టిందో చెప్పే సమాచారం కాదు. ఎదుటివాడు "ఇది నాది కాదు" అన్న మరుక్షణం దాని బలం సగానికి పడిపోతుంది. కాబట్టి స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా కాక గుర్తుగా మాత్రమే చూడాలి.

రెండోది, మన జిల్లాల్లో అందరూ చేసేది, ఫైళ్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం. "మన కుర్రాడే కదండీ, టాలీ ఫోల్డరంతా కాపీ చేసేశాడు" అని ఎంతో నిశ్చింతగా చెబుతారు. ఇక్కడ ఒక చిన్న విషయాన్ని దగ్గరగా చూడాలి. విండోస్ కంప్యూటరులో ఒక ఫైలును పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాని వివరాలు తెరిచి చూస్తే, ఫైలు మార్చిన తేదీ మునుపటిదే ఉంటుంది కానీ, ఫైలు పుట్టిన తేదీ మాత్రం కాపీ చేసిన రోజుకు మారిపోతుంది. అంటే మార్చి నెలలో మార్పు జరిగిన ఫైలు జూన్ నెలలో పుట్టినట్టు కనబడుతుంది. పుట్టకముందే మార్పు ఎలా జరిగిందని ఎదుటి పక్షం న్యాయవాది అడిగినప్పుడు, ఆ కుర్రాడు తడబడకుండా జవాబు చెప్పగలగాలి. చెప్పగలిగినా, తీసివేసిన ఫైళ్లు, ఏ పెన్ డ్రైవ్ ఎప్పుడు తగిలించారన్న నమోదులు, లాగిన్ వివరాలు ఈ కాపీలో రావు. దొంగతనం జాడ చాలాసార్లు ఉండేది అక్కడే.

మూడోది ఫోరెన్సిక్ ఇమేజ్. అంటే హార్డ్ డిస్క్‌లోని ప్రతి బిట్టునూ, ఖాళీగా కనిపించే చోటుతో సహా, ఉన్నది ఉన్నట్టు నకలు తీయడం. డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయబడకుండా అడ్డుకునే రైట్ బ్లాకర్ అనే పరికరాన్ని మధ్యలో పెట్టి, నకలు పూర్తయ్యాక అసలుకూ నకలుకూ హ్యాష్ విలువ లెక్కగట్టి, రెండూ సరిపోయాయని రాసుకుంటారు. హ్యాష్ విలువను ఫైలుకు వేలిముద్ర అనుకోవచ్చు. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క కామా మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ1 పద్ధతులు పాతవి. రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే విలువ వచ్చేలా చేయవచ్చని ఎండీ5 విషయంలో 2004లోనూ, ఎస్‌హెచ్‌ఏ1 విషయంలో 2017లోనూ పరిశోధకులు చూపించారు. కాబట్టి ఎవరిచేత చేయించినా ఎస్‌హెచ్‌ఏ-256 విలువ తప్పనిసరిగా తీసుకోమని చెప్పండి.

నాలుగోది, నేను చిన్న సంస్థలకు అన్నిటికంటే ముందు సూచించేది, అసలు డిస్క్‌నే తీసి దాచేయడం. కంప్యూటరును ఆపి, హార్డ్ డిస్క్ ఊడదీసి, దాని సీరియల్ నంబరు రాసుకుని, ఇద్దరు సాక్షుల సంతకాలతో గుడ్డ సంచిలో పెట్టి లక్క ముద్ర వేయాలి. ఆ కంప్యూటరులో కొత్త డిస్క్ వేసి, టాలీ బ్యాకప్ ఎక్కించుకుంటే మర్నాటికి పని మళ్లీ నడుస్తుంది. కొత్త డిస్క్ ధర తప్ప పెద్ద ఖర్చు లేదు. కోర్టు దృష్టిలో దీనికున్న విలువ మాత్రం పెద్దది. అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన తీర్పు ప్రకారం, నకలును ఆధారంగా చూపేవారు, అది ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో తెలిపే సర్టిఫికెట్ ఇవ్వక తప్పదు. అసలు పరికరాన్నే దాని యజమాని బోనులో నిలబడి చూపితే మాత్రం ఆ సర్టిఫికెట్ అవసరం లేదు.

ఈ నాలుగో మార్గానికీ లోపాలున్నాయి. దాచిన డిస్క్ పాడైపోవచ్చు కాబట్టి దాని నుంచి ఒక ఇమేజ్ తీయించక తప్పదు. కొత్త ల్యాప్‌టాపుల్లో మెమరీ బోర్డుకే అతికించి ఉంటే ఊడదీయడం కుదరదు. అప్పుడు యంత్రాన్నే పక్కన పెట్టాలి. విండోస్ డిస్క్ మొత్తానికీ వేసే బిట్‌లాకర్ అనే సంకేత తాళం ఉన్న డిస్క్ అయితే రికవరీ కీ లేకుండా తెరుచుకోదు, ఆ కీ చాలాసార్లు ఉద్యోగి సొంత ఖాతాలోనే ఉంటుంది. ఇది గొడవ మొదలయ్యాక తెలిసే విషయం కాకూడదు. ఈ రోజే మీ ఆఫీసు యంత్రాల కీలన్నీ ఒక కాగితం మీద రాయించి బీరువాలో పెట్టుకోండి.

పాత తరహా హార్డ్ డిస్క్‌లో తీసివేసిన ఫైలు దాని చోట మరొకటి వచ్చి కూర్చునే వరకు మిగిలి ఉంటుంది. చిప్‌ల మీద సమాచారం దాచే ఇప్పటి ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో అలా కాదు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, తీసివేసిన సమాచారాన్ని యంత్రమే తనంతట తాను తుడిచేస్తుంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాపును "రేపు చూద్దాం" అని ఆన్‌లో ఉంచితే, రేపటికి చూడటానికి ఏమీ మిగలకపోవచ్చు.

ఎవరిచేత చేయించాలి

ఇమేజ్ తీసే ఎఫ్‌టీకే ఇమేజర్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. అందువల్ల సంస్థలోని కంప్యూటరు కుర్రాడే ఆ పని చేయగలడని చాలామంది అనుకుంటారు, చేయగలడు కూడా. అయితే నకలు తీసినవాడే సాక్షి. మూడు నాలుగేళ్ల తర్వాత కోర్టు పిలిచినప్పుడు ఆ కుర్రాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో వేరే ఉద్యోగంలో ఉంటాడు, లేదా మీతో మనస్పర్ధలు వచ్చి వెళ్లిపోయి ఉంటాడు. అదీగాక అతను మీ జీతగాడు. గుమాస్తాతో ఒకే గదిలో కూర్చున్నవాడు. అతని నిజాయితీ మీద ఎంత నమ్మకమున్నా, అతన్ని ఆ స్థితిలోకి నెట్టడం అతనికీ మంచిది కాదు.

విశాఖ నుంచి ప్రైవేటు ఫోరెన్సిక్ నిపుణుణ్ణి పిలిపించడం రెండో దారి. శ్రీకాకుళానికి రావడానికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం, పరికరాన్ని బట్టి రుసుము, పెద్ద డిస్క్ అయితే నకలుకే కొన్ని గంటలు. కాబట్టి ఆఫీసులోని యంత్రాలన్నిటికీ కాకుండా, అసలు విషయం ఉన్న ఒకటి రెండింటికే ఆయన సేవలు తీసుకుని, మిగిలిన వాటిని సీలు వేసి ఉంచడం సరిపోతుంది. ఆయన్ను ఎంచుకునేటప్పుడు యంత్రాల జాబితా కంటే ముందు అడగవలసింది, ఇంతకుముందు కోర్టులో సాక్ష్యం చెప్పారా, తన పనిని ఏ రిజిస్టరులో ఎలా నమోదు చేస్తారు అన్నది.

నిపుణుడి అవసరం ఇప్పుడు పెరిగింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం, 2023లో, 1872 నాటి పాత సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డుల గురించి చెప్పే 65బీ సెక్షన్ స్థానంలో 63వ సెక్షన్ ఉంది. దాని కింద ఇచ్చే సర్టిఫికెట్‌కు రెండు భాగాలు: మొదటిది పరికరానికి బాధ్యుడైన వ్యక్తి, రెండోది నిపుణుడు నింపాలి, రెండింటిలోనూ హ్యాష్ విలువ రాయాలి. మొదటి రోజున హ్యాష్ తీయకపోతే, ఏడాది తర్వాత తీసిన విలువ ఆ రోజు నాటి స్థితికే చెందుతుంది తప్ప, వివాదం మొదలైన నాటిదని ఎవరూ చెప్పలేరు. అప్పటికే విచారణలో ఉన్న పాత కేసులు మాత్రం 1872 నాటి చట్టం ప్రకారమే సాగుతాయి.

మూడో దారి పోలీసులు. గుమాస్తా నమ్మకద్రోహం చేసి సొమ్ము కాజేస్తే భారతీయ న్యాయ సంహిత 316(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరం. పోలీసులకు సోదా చేసే, సంస్థలు ఇవ్వని రికార్డులను రప్పించే అధికారం ఉంది, అది మీ నిపుణుడికి లేదు. సోదా, జప్తు తతంగాన్ని వీడియో తీయాలని నేర విచారణ పద్ధతిని నిర్దేశించే కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. కానీ ఒకసారి జప్తు అయిన కంప్యూటరు తిరిగి మీ చేతికి ఎప్పుడొస్తుందో చెప్పడం కష్టం. అందువల్ల ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే అంతకుముందే ఇమేజ్ తీయించి ఉంచుకోవాలి. ఆ పేరుతో ఫిర్యాదును నెలల తరబడి వాయిదా వేయడం కూడా సరికాదు, ఆలస్యానికి కారణం అడుగుతారు.

ఒక్క సందర్భంలో మాత్రం ఆలోచనే అక్కర్లేదు. సరఫరాదారు పేరుతో "మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిల్ వచ్చి, మీరు సొమ్ము పంపేశాక అది మోసమని తేలితే, సాక్ష్యం సంగతి తర్వాత. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ మెయిల్‌ను ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా ఉన్నచోటే ఉంచండి. ఫార్వర్డ్ చేసిన ప్రతిలో అసలు మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే శీర్షిక సమాచారం పోతుంది. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ తెరిచి, ఆ ప్రతిని డౌన్‌లోడ్ చేసుకోవాలి.

వస్తువును బట్టి తొందర

ఏది ముందు అన్న ప్రశ్నకు విలువను బట్టి కాక, ఏది ముందు చెరిగిపోతుందన్న దాన్ని బట్టి జవాబు చెప్పాలి. పై ఉదాహరణలో అన్నిటికంటే ముందు పోయేది కెమెరా రికార్డు. కెమెరాల దృశ్యాలను నమోదు చేసే డీవీఆర్ పెట్టె తన డిస్క్ నిండగానే పాతదాని మీదే కొత్తది రాసుకుపోతుంది. కెమెరాల సంఖ్యను బట్టి అది రెండు వారాలు కావచ్చు, నెల కావచ్చు. పెన్ డ్రైవ్‌లోకి క్లిప్పులు దించుకోవడం కంటే, డీవీఆర్‌లోని డిస్క్ తీసి కొత్తది వేయడం మేలు. తీసిన డిస్క్‌ను ఇంకో డీవీఆర్‌లో పెట్టి చూడబోవద్దు, అది ఫార్మాట్ చేయమంటుంది. డిస్క్ తీయకముందు డీవీఆర్ తెర మీది గడియారాన్నీ, పక్కన మీ ఫోనులోని సమయాన్నీ కలిపి ఒక ఫోటో తీయండి. మన గోదాముల్లో డీవీఆర్ గడియారాలు చాలాసార్లు పది, పదిహేను నిమిషాలు తప్పుగా ఉంటాయి. 80 కిలోల జీడి పిక్కల బస్తాలు రాత్రి 9.40కి బయటికి వెళ్లినట్టు కెమెరా, 9.25కి కాటా చూపితే, ఆ ఒక్క ఫోటోయే రెండింటినీ కలిపి నిలబెడుతుంది.

తర్వాత ఫోన్లు. సంస్థ ఇచ్చిన ఫోను, ఉద్యోగి సొంత ఫోను అన్న తేడా ఇక్కడ ప్రాణం వంటిది. సొంత ఫోనును లాక్కోవడం, బలవంతంగా పాస్‌వర్డ్ చెప్పించడం మీ కేసుకే ఎదురు తిరుగుతుంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017లోనే చెప్పింది. రాతపూర్వక అంగీకారం ఇస్తే సరే, ఇవ్వకపోతే వదిలేయండి. వాట్సాప్ సందేశానికి రెండు కొసలుంటాయి. గుమాస్తా పంపినది మీ ఫోనులోనో, మీతో సఖ్యంగా ఉన్న మరో కొనుగోలుదారు ఫోనులోనో ఉండవచ్చు. ఇష్టపూర్వకంగా ఇచ్చే కొస నుంచి తీసుకోవడమే తెలివైన పని. అయితే పంపినవాడు తాను పంపిన సందేశాన్ని, పంపాక రెండు రోజులకు పైగా గడువు ఉండగా, అందరి ఫోన్ల నుంచీ తీసేయగలడు. అందువల్ల అతన్ని పిలిచి అడగడానికి ముందే మీ ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆ సంభాషణను తెర మీద పైనుంచి కిందికి కదిలిస్తూ మరో ఫోనుతో వీడియో తీయాలి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా మార్చగలిగినది. దాన్ని వాడుకోండి, కానీ ఫోనును కూడా ఉంచండి.

సంస్థ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో (సంస్థలకు గూగుల్ ఇచ్చే మెయిల్ సేవ) ఉంటే, చెత్తబుట్ట కూడా ఖాళీ చేసిన మెయిళ్లను అడ్మిన్ 25 రోజుల లోపు, తొలగించిన ఉద్యోగి ఖాతాను 20 రోజుల లోపు తిరిగి తెచ్చుకోగలడు. ఉద్యోగం మానిన రోజే అతని ఖాతా తీసేసే అలవాటున్న సంస్థలు దాన్ని మానుకోవాలి. ఖాతాను ఆపి ఉంచండి, తీసేయకండి.

టాలీ లెక్కలది కొంత నిదానమైన వ్యవహారం. కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ నమోదయ్యే ఆడిట్ ట్రయల్ ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి, దాన్ని ఆపకూడదు. ఏ వోచరును ఎవరు, ఏ రోజు, దేని నుంచి దేనికి మార్చారో అందులో ఉంటుంది. డబ్ల్యూ-240 బిల్లును డబ్ల్యూ-320గా దిద్దితే ఆ దిద్దుబాటే సాక్షి. ఈ నిబంధన కంపెనీలకే తప్ప భాగస్వామ్య సంస్థలకు లేదు. మన ప్రాంతంలో చాలా యూనిట్లు భాగస్వామ్యాలే కాబట్టి, చట్టం అడగకపోయినా ఇలా ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉన్న టాలీనే పెట్టుకోమని నేను కలిసిన ప్రతి యజమానికీ చెబుతున్నాను.

దారి ఎక్కడికి తిరిగినా

అంతర్గత విచారణతో సరిపోతుందనుకునేవారు, ఇంత తతంగం అవసరమా అని అడుగుతారు. న్యాయంగానే అడుగుతారు. శాఖాపరమైన విచారణలో సాక్ష్య చట్టంలోని కట్టుదిట్టమైన నియమాలు వర్తించవని, ఒక బస్సు కండక్టరు కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. అక్కడ స్క్రీన్‌షాట్లు, ఫైలు కాపీలు చాలు. కానీ ఉద్యోగం పోయినవాడు లేబర్ కోర్టుకు వెళ్లవచ్చు, సొమ్ము వసూలుకు మీరే సివిల్ దావా వేయాల్సి రావచ్చు. మూడు లక్షల రూపాయలు, ఆపైన విలువున్న వ్యాపార వివాదాలు 2018 సవరణ తర్వాత వాణిజ్య న్యాయస్థానాల పరిధిలోకి వచ్చాయి. అక్కడ మీ దగ్గరున్న పత్రాలు, ఎలక్ట్రానిక్ రికార్డులు దావాతోపాటే బయటపెట్టాలి. చివర్లో వెతుక్కుందామంటే కుదరదు.

విజయనగరం వైపు ఒక మిల్లు యజమాని, అనుమానం వచ్చిన రాత్రి నుంచి వరుసగా మూడు రాత్రులు, మేనేజరు కంప్యూటరు ముందు తన బంధువును కూర్చోబెట్టి ఫైళ్లన్నీ తెరిపించారు. నన్ను పిలిచింది నాలుగో రోజున. మేనేజరు తప్పు చేశాడనే ఇప్పటికీ నేను నమ్ముతున్నాను. కానీ ఆ మూడు రాత్రుల్లో ఆ యంత్రంలో ఏ మార్పు ఎవరు చేశారో తేల్చి చెప్పే స్థితి లేకుండా పోయింది. ఫైలు మార్చిన తేదీల్లో కొన్ని మేనేజరు సెలవులో ఉన్న రోజులవే. చివరికి అడిగిన దానిలో కొంత భాగానికే రాజీ పడ్డారు. ఆ రాత్రి ఆయన్ను ఆపి "ముట్టుకోవద్దు బాబూ" అనేవారు ఒక్కరున్నా ఇంత నష్టం జరిగేది కాదని ఇప్పటికీ బాధపడుతుంటాను.

దాచడంలోనూ ఎంపిక ఉంది. సీలు వేసిన డిస్క్‌ను న్యాయవాది దగ్గర పెట్టాలా, బ్యాంకు లాకరులోనా, ఆఫీసు బీరువాలోనా అంటే, తాళం ఎవరి చేతుల్లో ఉందో కచ్చితంగా చెప్పగలిగే చోటే మంచిది. సరైన అధీనం నుంచి తెచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డు, దాని మీద వివాదం లేకపోతే, ప్రాథమిక సాక్ష్యమేనని కొత్త చట్టం 57వ సెక్షన్ వివరణల్లో ఉంది. ఆ అధీనాన్ని రుజువు చేసేది ఒక సాదా రిజిస్టరే. పరికరం సీరియల్ నంబరు, హ్యాష్ విలువ, ఎవరు ఎవరికి ఏ రోజు ఎన్ని గంటలకు ఎందుకు ఇచ్చారు, ఇద్దరి సంతకాలు అందులో ఉండాలి. పేజీలకు ముందే అంకెలు వేయండి, కొట్టివేత ఉంటే పక్కన సంతకం పెట్టండి. బీరువాకు రెండు తాళాలుంటే రెండోది ఎవరి దగ్గరుందో కూడా రాయండి. నకళ్లు రెండు తీయించి, రెండోదాన్ని వేరే ఊళ్లో ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తోటలు నేలకొరిగిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. తీరానికి ఇంత దగ్గరగా, ఒకే గదిలో అసలూ నకలూ రెండూ ఉంచడం క్షేమం కాదు. వేరే ఊళ్లోని నకలును ఆరు నెలలకోసారి రైట్ బ్లాకర్ ద్వారా తెరిపించి, ఎస్‌హెచ్‌ఏ-256 విలువ మళ్లీ లెక్కించి, మొదటి రోజు రాసిన 64 అక్షరాలతో సరిపోయిందో లేదో అదే రిజిస్టరులో రాయించాలి.